ఎముక లోపలి దారి

కాగజ్‌నగర్
డిసెంబరు మొదటి వారం

చెల్లె మహిమకు,

అన్న దేవసహాయం రాసేది. ఇక్కడ అందరం ఉన్నాం. బాగున్నాం అని రాస్తే అబద్ధమవుతుంది కాబట్టి ఉన్నాం అని మాత్రమే రాస్తున్నాను.

నా ఫోను ఎందుకు మోగడం లేదని మీ వదినను పదే పదే అడుగుతున్నావట. దాన్ని ఆపేసి బీరువాలో పెట్టాను. ఆ వీడియో నీ దాకా వచ్చే ఉంటుంది. చిరుత చచ్చిపోతుంటే పక్కన మోకాళ్ళ మీద కూర్చొని, రక్తంలో చేతులు పెట్టి దేవులాడుతున్న బట్టతల మనిషిని నేనే. ఎవరెవరో నా నంబరు సంపాదించి తిట్టారు. ఒక చిన్న పిల్ల మాత్రం తిట్టకుండా ఏడ్చింది. ఆ తర్వాత ఇక ఫోను ముట్టుకోలేదు. ఏదైనా ఉంటే ఉత్తరంలోనే రాయి.

జరిగింది ఇది. అడవిపందుల కోసం ఎవరో పత్తిచేను గట్టున బండి క్లచ్ వైరుతో ఉచ్చు పెట్టారు. అందులో చిరుత ముందరి కాలు మోచేతి దగ్గర ఇరుక్కుంది. గుంజుకుని గుంజుకుని వైరు కండను కోసుకుంటూ లోపలికి దిగిపోయింది. పశువుల డాక్టరునని అటవీశాఖ వాళ్ళు నన్ను పిలిచారు. మత్తు ఇచ్చాను, పడుకుంది. పైన గుడ్డ బిగించి, వైరు కత్తిరించాను. వైరు వదలగానే రక్తం చిమ్మింది, గుడ్డ జారిపోయింది. తెగిన ధమని కొస పట్టుకుని ముడి వేస్తే సరిపోయేది. కుక్కలకు ఎన్నోసార్లు వేశాను. ఎక్కడ ఉండాలో సరిగ్గా అక్కడే వెతికాను. అక్కడ లేదు, మహిమా. చుట్టూ అంతా వెతికాను. మా అటెండరు భూమన్న నా భుజం పట్టుకుని, "సారూ, ఇగ సాలు. సల్లవడ్డది" అనేదాకా వెతుకుతూనే ఉన్నాను.

చేతగాక చంపానా, లేక నా చేతిలో లేని కారణం ఏదైనా ఉందా అని విచారణ కమిటీ వేశారు. కళేబరాన్ని కాల్చేశారు గానీ, నేను బతిమాలితే ఆ కాలిని మాత్రం ఫార్మలిన్‌లో పెట్టి మీ కాలేజీకి పంపుతున్నారు. నీ పరిశోధన అదే కదా, అడవిలోని మాంసాహార జంతువుల్లో పెద్ద ధమనులు ఒక్కోసారి మామూలు దారి వదిలి వేరే దారి పట్టడం. నేను పంపిన నక్కలో మెడకు పోయే ధమనులు రెండూ ఒకే కాండం నుంచి చీలాయని నువ్వే చెప్పావు. అడవిపిల్లిలో కుడి ముందరి కాలికి పోయే ధమని ఆహారనాళం వెనక నుంచి చుట్టు తిరిగి వచ్చిందని ఎంత సంబరపడ్డావో. ఈ చిరుతది కూడా అట్లా దారి తప్పిన ధమనే అయి ఉండాలి. ఆ మాట నీ కత్తితో తేలితే నేను మళ్ళీ జంతువు మీద చెయ్యి వేయగలుగుతాను. ఉద్యోగం సంగతి తర్వాత. ఇప్పుడు నాకు చేతులే లేవడం లేదు.

అన్న


కరీంనగర్
డిసెంబరు రెండో వారం

అన్నకు,

నీ ఉత్తరం చేరింది. నీ రాత ఇంకా మందుల చీటీలాగే ఉంది. సగం నేను చదివాను, సగం ఊహించుకున్నాను.

వీడియో చూశాను. చివరిదాకా చూడలేకపోయాను. చిరుతను చూడలేక కాదు, నిన్ను చూడలేక. దాని గురించి ఇంతకంటే రాయను.

కాలు వచ్చింది, పెట్టె ఇంకా విప్పలేదు. మా హెడ్ మమతారాణి మేడం పేరు మీద వచ్చింది. నువ్వు నా తోడబుట్టిన వాడివి కాబట్టి నివేదిక మీద సంతకం ఆమెదే. కోసి చూసేది మాత్రం నేనే, ఈ పని చేసేవాళ్ళు ఇక్కడ వేరే ఎవరూ లేరు. ధమనులు దారి మార్చడం నువ్వనుకున్నంత అరుదేమీ కాదు. ఏ జంతువూ మా పుస్తకాలు చదివి పుట్టదు కదా. చిన్నప్పుడు నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని ఊళ్ళు తిప్పి, బర్రె తోక కింద నా వేళ్ళు పెట్టించి "నాడి కొట్టుకుంటుందా?" అని అడిగిన వాడివి నువ్వు. దొరికిందాకా వేళ్ళు తీయనిచ్చేవాడివి కాదు. ఇప్పుడు నా వంతు. ఉంటే పట్టుకుంటాను.

అన్నం తిను. వదిన చెప్పే మాట విను.

మహిమ


కాగజ్‌నగర్
క్రిస్మస్ ముందు

మహిమా,

ఉంటే పట్టుకుంటానని రాశావు. ఉంది. నువ్వు నిదానంగా చూడు.

పని మాన్పించలేదు గానీ దవాఖానకు ఎవరూ రావడం లేదు. మేక ఈనలేక అవస్థ పడుతుంటే పక్క మండలం డాక్టరు దగ్గరికి ఆటోలో తీసుకుపోయారు. మా గేటు ముందు నుంచే పోయారు. మేక అరుపు వినబడుతూనే ఉంది, నేను కుర్చీలో నుంచి లేవలేదు. పిలిస్తే మాత్రం ఏం చేసేవాడినో తెలియదు.

చర్చిలో పాస్టరయ్య నా కోసం అందరి చేత ప్రార్థన చేయించాడు. పేరు పెట్టి మరీ. "మన డాక్టర్ సారు శోధనలో ఉన్నడు, ప్రభువా" అన్నాడు. అందరూ కళ్ళు మూసుకున్నట్టే మూసుకుని నన్ను చూశారు. వచ్చే ఆదివారం నుంచి జ్వరం వస్తుందేమో చూడాలి.

కండలను ఒక్కొక్క పొరగా తీస్తున్నావా? లోపలివైపు నుంచి మొదలుపెట్టు. ఏం కనబడిందో రాయి.

అన్న


కరీంనగర్
డిసెంబరు చివర

అన్నకు,

క్రిస్మస్‌కు రాలేకపోయాను, పరీక్షల పని పడింది. కాలు ఇంకా ఫార్మలిన్‌లో సరిగా గట్టిపడలేదు. తొందరపడితే పొరలు చిరిగిపోతాయి. మేడం కూడా ఊళ్ళో లేరు. కొంచెం ఓపిక పట్టు.

ఇక్కడ చలి బాగా ఉంది. నువ్వు మఫ్లరు కట్టుకుంటున్నావా?

మహిమ


కాగజ్‌నగర్
జనవరి

మహిమా,

నేను వదిన రోజారాణిని. నాకు నీలెక్క మంచిగ రాయరాదు. మాట్లాడినట్టే రాస్తున్న, ఏమనుకోకు. ఫోన్ల చెప్దామంటే ఆయన పక్కనే ఉంటడు. నేను రాసినట్టు మీ అన్నకు తెల్వది.

నీ ఉత్తరం వచ్చిన కాంచి ఆయన ఇంకింత పరేషాన్ అయితుండు. "ఫార్మలిన్ల గట్టిపడేతందుకు గన్ని రోజులు పట్టది రోజా, అది చూసింది, చెప్తలేదు" అంటుండు. అన్నం పెడితే కలుపుతడు, తినడు. ఎవరన్న ఇంటికొస్తే లోపలికి పోయి తలుపేసుకుంటుండు.

మొన్న పొద్దుగాల బయటికి పోయిండు. ఎంతకూ రాలే. భూమన్న పోయి దేవులాడితే పెద్దవాగు వంతెన మీద నిలబడి కిందికి చూస్తుండట. "సారూ, ఈడేం జేస్తున్నవ్?" అంటే "నీళ్ళు చూస్తున్న" అన్నడట. ఈ కాలంల ఆ వాగుల చూడనీకి నీళ్ళే లేవు మహిమా. వట్టి బండలే. భూమన్న చెయ్యి పట్టుకొని ఇంటికి తీస్కొచ్చిండు. అప్పటి సంది నేను ఆయన్ను ఒక్కన్ని ఇడిసిపెడ్తలేను. నేను పనిజేసే అంగన్‌వాడీకి గూడ ఎంట తీస్కపోతున్న. పిల్లల నడుమ కూసుంటడు.

నువ్వు ఏం చూసినవో నాకు తెల్వది. తెలుసుకోవాలని గూడ లేదు. ఒక్కటే అడుగుత. ఆయన బతికేటట్టు ఏదన్న రాయి. నీ మాట దేవుని మాటలెక్క నమ్ముతడు. జర జల్ది రాయి తల్లీ.

రోజారాణి


కరీంనగర్
జనవరి

వదినా,

ఈ ఉత్తరం నీ ఒక్కదానికే. చదివి పొయ్యిలో వేసేయి.

అన్న చెప్పింది నిజం. నేను చూశాను. పెట్టె విప్పిన రోజే చూశాను. చూసి కత్తి కింద పెట్టి బయటికి వెళ్ళి కూర్చున్నాను.

నీకు అర్థమయ్యేటట్టు చెప్తాను. కుక్కకు, మేకకు, గొడ్డుకు ముందరి కాలికి రక్తం తెచ్చే ధమని మోచేతికి పైన కండల మధ్యలోంచే దిగుతుంది. అన్న జీవితమంతా చూసింది అదే. పిల్లి జాతికి అట్లా కాదు. మోచేతికి కాస్త పైన, లోపలివైపు, ఎముకలోనే ఒక చిన్న సందు ఉంటుంది. ధమని ఆ సందులో దూరి ఇవతలికి వస్తుంది. చిరుతకే కాదు, పెద్దపులికీ అంతే, మన వంటింట్లో తిరిగే పిల్లికీ అంతే. ఈ చిరుతలో ధమని వైరుకు తెగి, కొస వెనక్కి ముడుచుకుని ఆ ఎముక సందులోకి పోయింది. అన్న కుక్కకు వెతికే చోట వెతికాడు. అక్కడ తెల్లారేదాకా వెతికినా దొరకదు. చంక దగ్గర, ఇంకా ఎముకలోకి పోకముందే, పట్టుకుని కట్టి ఉంటే బతికేది.

అంటే అది దారి తప్పిన ధమని కాదు వదినా. అన్ని చిరుతలకూ ఎక్కడుండాలో అక్కడే ఉంది. కాలేజీలో మేము బర్రెనూ మేకనూ కోసి నేర్చుకుంటాం, పిల్లి గురించి ఒక వాక్యం చదివి పేజీ తిప్పేస్తాం. అన్న కూడా తిప్పేసి ఉంటాడు. నాకు పంపేవాటిని కూడా గుండె వరకే కోసి పంపేవాడు, నేను అడిగింది అంతే కాబట్టి. కాళ్ళు ఎప్పుడూ విప్పి చూడలేదు.

మేడంకు చూపించాను. ఆమె కాలును అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత, "కమిటీకి గూడ గీ కేసు మూసేయాలనే ఉంది. ధమని మార్గంల తేడా ఉండే అవకాశాన్ని తోసిపుచ్చలేం అని ఒక్క వాక్యం రాయి, నేను సంతకం పెడ్త. చిరుత ఎట్లనో లేవదు. మీ అన్ననన్న లేపుదాం" అన్నది. నాకు ఆమె మీద కోపం వచ్చింది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది.

ఆ ఎండిన వాగులో బండలు నాకు కళ్ళు మూసినా కనబడుతున్నాయి. నేను ఆ వాక్యం రాస్తాను. అన్నకు కూడా అదే రాస్తాను. నువ్వు ఏనాడూ నోరు జారకు.

మహిమ


కరీంనగర్
జనవరి చివర

అన్నకు,

ఆలస్యం చేసినందుకు నన్ను తిట్టుకునే ఉంటావు. ఇదిగో, ఇప్పుడు చదువు.

నువ్వు అన్నట్టే ఉంది. ధమని మామూలు చోట లేదు. ఎముక పక్కకు ఒదిగి, చాలా లోతుగా, ఎవరూ ఊహించలేని దారిలో పోయింది. ఆ స్థితిలో, ఆ రక్తంలో, ఏ డాక్టరు ఉన్నా దాన్ని పట్టుకునేవాడు కాదు. మేడం సంతకంతో నివేదిక కమిటీకి పోయింది.

నీ తప్పు లేదు. ఇంకొకసారి రాస్తున్నాను, నీ తప్పు లేదు. ఈ కాగితం దిండు కింద పెట్టుకుంటావో, చొక్కా జేబులో పెట్టుకుంటావో నీ ఇష్టం. ముందు వెళ్ళి కడుపునిండా అన్నం తిను.

మహిమ


కాగజ్‌నగర్
మార్చి

చెల్లె మహిమకు,

కేసు మూసేశారు. కాగితం చేతికి వచ్చింది. నీ ఉత్తరం ముందు అది నాకు లెక్క కాదు. నీ ఉత్తరం చదివిన రోజు నేను పిల్లవాడిలా ఏడ్చాను. మీ వదిన కూడా ఏడ్చింది, నాకంటే ఎక్కువే ఏడ్చింది. ఎందుకో నన్ను చూడకుండా గోడ వైపు తిరిగి ఏడ్చింది.

ఇప్పుడు పనిలో పడ్డాను. మొన్న ఒక బర్రెకు దూడ అడ్డం తిరిగితే భుజం దాకా చెయ్యి పెట్టి సరిచేసి తీశాను. రెండూ బాగున్నాయి. బర్రె యజమాని నాగయ్య, "సారూ, జర మనసుల పెట్టుకోకుండ్రి, మేం గూడ ఆ వీడియో చూసి ఏందేందో అన్నం" అన్నాడు. చాయ్ తాగించి పంపాను.

ఆ చిరుత కాలు బొమ్మ నీ పరిశోధనలో తప్పకుండా వెయ్యి. కింద చిన్న అక్షరాలతో నా పేరు ఉంటే ఉండనీ. పాస్టరయ్యకు చూపించాలి. నా కోసం ప్రార్థన చేయించడం ఇంకా ఆపలేదు ఆయన.

మహిమా, నువ్వు లేకపోతే నేను ఇప్పుడు ఇక్కడ ఉండేవాడిని కాదు. అంతకంటే వివరంగా రాయడం నాకు చేతకాదు.

అన్న


కరీంనగర్
మార్చి

అన్నకు,

చాలా సంతోషం. బొమ్మ సంగతి ఇప్పుడే చెప్పలేను, మేడం వద్దంటున్నారు, నియమాలేవో ఉన్నాయట.

ఒక్క మాట. ఇకమీదట చిరుత గానీ పులి గానీ ఉచ్చులో పడితే, వైరు విప్పకముందే చంక దగ్గర ధమనిని పట్టుకుని కట్టు. మోచేతి దగ్గర అసలు వెతకకు. జాగ్రత్త కోసం చెప్తున్నాను. మరిచిపోకు.

మహిమ


కాగజ్‌నగర్
జూన్

మహిమా,

మళ్ళీ ఒకటి పడింది. తిర్యాణి వైపు అడవి అంచున, అదే క్లచ్ వైరు, అదే ముందరి కాలు. వయసులో ఉన్న మగ చిరుత. వెన్నంతా నిగనిగలాడుతోంది. ఈసారి అటవీశాఖ వాళ్ళు జనాన్ని దూరం జరిపి, ఫోన్లు తీయనివ్వకుండా చేసి, నన్ను లోపలికి పంపారు. అనుభవం ఉన్న డాక్టరునని నాకే కబురు చేశారు.

నీ సలహా గుర్తుంది. కానీ చంక దగ్గర కోయాలంటే మంచి కండను పెద్దగా కోయాలి. మత్తు కూడా ఎక్కువసేపు ఇవ్వాలి. ఆ చిరుతది దారి తప్పిన ధమని కాబట్టి నువ్వు భయపడి అట్లా రాశావనుకున్నాను. అట్లాంటిది మళ్ళీ నాకే ఎందుకు దొరుకుతుంది, ఇది బాగున్న చిరుతే కదా అనుకున్నాను. పైన గట్టి రబ్బరు పట్టీ కట్టాను, వైరు కత్తిరించాను, మామూలు చోట వెతికాను. పట్టీ ఎంతసేపు ఆపుతుంది? అది కూడా నా చేతుల్లోనే చల్లబడింది.

ఈసారి పోస్టుమార్టం నేనే చేశాను. కాలు విప్పాను. ధమని పైనుంచి వచ్చి ఎముక సందులోకి పోయింది. మొదట నాకు ఏమనిపించిందో చెప్తే నవ్వుతావు. దారి తప్పినవి రెండు దొరికాయి, చెల్లె పుస్తకానికి పనికొస్తుంది అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. చేతులు కడుక్కుంటుంటే భయం మొదలైంది.

మరునాడు మిల్లు రోడ్డు మీద లారీ కింద పడ్డ పిల్లి కనబడింది. ఊరపిల్లి. సంచిలో వేసుకుని దవాఖానకు తెచ్చి, నల్లా కింద దాని కాలు విప్పాను. అదే ఎముక, అదే సందు. అందులో దారం లాంటి ధమని.

నీకు తెలియదేమో అని నమ్మడానికి చాలా ప్రయత్నించాను. జంతువుల ధమనులు తప్ప వేరే ధ్యాస లేని మనిషికి పిల్లి కాలు తెలియకుండా ఎట్లా ఉంటుంది? మీ వదినను అడిగాను. తల ఎత్తలేదు. కాసేపటికి, "నువ్వు సచ్చిపోతవని భయమైంది. నేనే రాయమన్న. దాన్ని ఏమనకు" అన్నది. మీ వదిననూ ఏమనలేదు, నిన్నూ ఏమనను.

వచ్చే బుధవారం మంచిర్యాలలో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన డాక్టర్లకు శిక్షణ ఉంది. ఉచ్చులో పడ్డ జంతువులను ఎట్లా కాపాడాలో నన్నే చెప్పమన్నారు. నేను ఆ పిల్లి కాలు తీసుకుపోతాను. ఎముక సందు చూపిస్తాను, చంక దగ్గర ఎట్లా కట్టాలో చూపిస్తాను. అప్పుడు ఎవరో ఒకరు లేచి, మరి మొదటి చిరుత నివేదికలో వేరే తీరుగా ఉంది కదా సార్ అని అడుగుతారు. అడిగితే చెప్తాను. అబద్ధం చెప్పి వాళ్ళను మళ్ళీ ఆ తప్పు చోటుకే పంపలేను. నా ఉద్యోగం పోతుంది, దానికి సిద్ధంగానే ఉన్నాను. నీదీ, మీ మేడందీ ఏమవుతుందో నాకు తెలియదు. అందరి ముందు వినే కంటే ముందుగా నా దగ్గర వినాలని రాస్తున్నాను. ఆపమని అడగకు. నువ్వు అడిగితే ఆగిపోతానేమోనని భయంగా ఉంది.

నన్ను బతికించాలనుకున్నావు, బతికించావు. ఆ మాట ఎవరి ముందైనా చెప్తాను. కానీ మహిమా, ఆ రోజు నిజం రాసి, ఆ ఎముక తెచ్చి నా చేతిలో పెట్టి ఉన్నా నేను బతికేవాడిని. బాగా ఏడ్చేవాడిని, కొన్నాళ్ళు అంగన్‌వాడీ పిల్లల మధ్య తల దించుకుని కూర్చునేవాడిని, తర్వాత లేచేవాడిని. ఆ రెండో చిరుత కూడా బతికేది.

అన్న